జత కుదిరితేనే బేరం

ఎర్రగా, గుండ్రంగా ఉండే పేరట్ చేపలు మన ఊళ్ల అక్వేరియం దుకాణాల్లో బాగా అమ్ముడుపోయే రకం. బాగా ఎదిగిన రెండింటిని ఒకే ట్యాంకులో ఉంచితే ఏదో ఒక రోజు మూలనున్న రాయిని నోటితో శుభ్రం చేసి, దాని మీద వరసగా గుడ్లు పెడతాయి. పక్కనే నిలబడి రెక్కలతో నీళ్లు విసురుతాయి. దగ్గరకొచ్చిన ప్రతి చేపనీ తరిమికొడతాయి. చూసినవాళ్లకి ముచ్చటేస్తుంది. రెండు మూడు రోజులు గడిచేసరికి గుడ్లన్నీ తెల్లబడి బూజు పడతాయి. కొన్నాళ్లకి మళ్లీ పెడతాయి, అవీ అలాగే పోతాయి. 1980ల్లో తైవాన్‌లో వేర్వేరు సిక్లిడ్ జాతుల్ని కలిపి పుట్టించిన సంకర రకం ఇది. మగవాటిలో చాలావాటికి సంతానశక్తి ఉండదు.

అయినా వీటిని ‘బ్రీడింగ్ పెయిర్’ అంటూ మామూలు ధర మీద ఇంకాస్త వేసి అమ్మేవాళ్లున్నారు. అమ్మినవాడు అబద్ధమాడాడనీ అనలేం. గుడ్లు పెడతాయన్నాడు, పెట్టాయి. పిల్లలవుతాయని అనుకున్నది కొన్నవాడే.

రంగుచేపల వ్యాపారంలో జతల బేరం దగ్గర వచ్చే తగాదాలు చాలావరకు ఇలాంటివే. ఒక మగ, ఒక ఆడ ఉంటే జత అయిపోయిందని కొనేవారు అనుకుంటారు. కొన్ని చేపల విషయంలో అది నిజమే. కొన్నింటికి జత అన్న మాటే వర్తించదు. ఇంకొన్నింటిలో మగా ఆడా ఉన్నా అవి ఒకదాన్నొకటి ఒప్పుకుంటే తప్ప జత కావు. డబ్బు తీసేముందు మనం కొంటున్న చేప ఈ మూడింటిలో ఏ బాపతో తెలుసుకోవాలి.

గప్పీలనే చూడండి. మగది చిన్నగా, రంగురంగుల తోకతో ఉంటుంది. ఆడది పెద్దగా, వెలిసినట్టు ఉంటుంది. చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు. ఇక్కడ ఎవరూ జత అమ్మరు, ఒక మగ, రెండు ఆడ కలిపి ‘ట్రయో’ అంటారు. ఒక్కటే ఆడది ఉంటే మగది వెంటబడి దాని ప్రాణం తీస్తుంది. చిక్కు వేరే చోట ఉంది. ఆడ గప్పీ ఒకసారి కలిసిన మగదాని వీర్యాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుని, దాంతోనే ఒకటి తర్వాత ఒకటిగా కాన్పులు చేస్తుంది. అన్ని రకాలూ కలిసి తిరిగే తొట్టి నుంచి తీసిన ఆడదాన్ని మేలురకం మగదాని పక్కన పెట్టి అమ్మితే, మొదట పుట్టే పిల్లలకు తండ్రి ఆ పాత తొట్టిలో ఎవరో. అందుకే గప్పీల్లో అసలు విలువంతా మగ తోక తగలకుండా విడిగా పెంచిన ఆడపిల్లలది. అమ్మకందారుని అడగాల్సింది కూడా ఆ ఒక్క మాటే.

ఫైటర్ చేపల వ్యవహారం ఇంకా తమాషా. థాయిలాండ్ 2019లో తన జాతీయ జలచరంగా ప్రకటించుకున్న బెట్టా ఇదే. ఆడా మగా ఒకే వరసలోని తోబుట్టువులైతే ‘పెయిర్’ అని అమ్ముతారు, కానీ వాటిని ఒక తొట్టిలో కాపురం పెట్టనిస్తే రెండింట్లో ఒకటి మిగులుతుంది. మగది నీటి పైన బుడగల గూడు కడుతుంది. కలయిక అయి గుడ్లు గూటికి చేరగానే ఆడదాన్ని తీసేయాలి. తర్వాత కాపలా అంతా తండ్రిదే. ఈ గుడ్ల తొట్టిలో వేసే ఎండాకు మన బడి ఆవరణల్లో, గుడి వెనక పెరిగే బాదం చెట్టుదే. నీళ్లు కాస్త ఎర్రబడి, కొంచెం పులుపు తిరుగుతాయి, బూజు తగ్గుతుందని పెంపకందార్ల నమ్మకం. ఆన్‌లైన్లో ప్యాకెట్లు కట్టి అమ్మే ఆ ఆకు మనకి వీధి చివర ఊరికే రాలి ఉంటుంది.

గోల్డ్‌ఫిష్‌కి జత అన్న పట్టింపే లేదు. అదనుకి వచ్చిన మగవాటి మొప్పల మూతల మీద తెల్లటి చిన్న చుక్కలు లేస్తాయి. రెండు మూడు మగవి ఒక ఆడదాని వెంటపడతాయి, గుడ్లు నాచు మీద చల్లుతాయి, తర్వాత అన్నీ కలిసి వాటిని తింటాయి. ఎవరైనా గోల్డ్‌ఫిష్ ‘ప్రూవెన్ పెయిర్’ అని ఎక్కువ ధర చెబితే నవ్వి ఊరుకోవచ్చు.

సముద్రపు చేపల్లో అందరికీ తెలిసింది క్లౌన్‌ఫిష్, ‘ఫైండింగ్ నీమో’ సినిమా చేప. దీని పిల్లలకు పుట్టుకతో ఆడా మగా తేడా స్థిరపడదు. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది, దాని తర్వాతది మగది, మిగిలినవన్నీ ఎదుగూబొదుగూ లేకుండా వంతు కోసం కాచుకుని ఉంటాయి. పెద్దది చచ్చిపోతే మగదే ఆడదవుతుంది, కింది వరసలోంచి ఒకటి మగదిగా ఎదుగుతుంది. ఒకసారి ఆడదైనది మళ్లీ వెనక్కి రాదు. దీన్నిబట్టి కొనేవారికి లెక్క తేలిపోతుంది. ఒకటి చిన్నది, ఒకటి కాస్త పెద్దది, రెండూ లేతవి తెచ్చి కలిపితే జత వాటంతట అదే తయారవుతుంది. వేర్వేరు చోట్ల నుంచి రెండు పెద్దవాటిని తెస్తే రెండూ ఆడవి కావచ్చు, అప్పుడు చచ్చేదాకా కొట్టుకుంటాయి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ చేపల్ని తొట్లలో గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచే పద్ధతిని సాధించి శిక్షణ కూడా ఇస్తున్నారు. కాబట్టి పగడపు దిబ్బల నుంచి పట్టుకొచ్చిన వాటి జోలికి పోవాల్సిన పని లేదు.

ఇక అసలైన జతలు, అంటే ఒకదాన్నొకటి ఎంచుకుని కాపురం పెట్టేవి, సిక్లిడ్ కుటుంబంలో కనిపిస్తాయి. వాటిలో మన దగ్గర ఎక్కువ బేరాలు జరిగేది ఏంజెల్ మీద. అమెజాన్, ఒరినోకో నదుల ప్రాంతపు చేప ఇది. కానీ ఇప్పుడు మన దుకాణాల్లో దొరికే ఏంజెల్ అడవి నీళ్లను చూసింది కాదు. చెన్నైలో కొళత్తూరు, ఆ చుట్టుపక్కల ఊళ్లు, కోల్‌కతా శివార్లు, హౌరా, దక్షిణ 24 పరగణాల ఇళ్ల పెరటి తొట్లు దీనికి పుట్టిళ్లు. కోల్‌కతా గాలిఫ్ స్ట్రీట్‌లో ఆదివారం సంతకు పోతే మొక్కల పక్కనే పాలిథిన్ సంచుల్లో వేలాడుతూ కనిపిస్తాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ దుకాణాలకు సరుకు చాలావరకు ఈ రెండు దిక్కుల నుంచే వస్తుంది.

ఏంజెల్‌లో మగా ఆడా తేడా పైకి తెలియదు. నుదురు ఎత్తుగా ఉంటే మగదంటారు, పొట్ట నిండుగా ఉంటే ఆడదంటారు, ముప్పై ఏళ్లుగా పెంచుతున్నవాళ్లు కూడా ఈ లెక్కన పందెం కాస్తే ఓడిపోతారు. నమ్మదగిన గుర్తు ఒక్కటే. గుడ్లు పెట్టే ముందు పొట్ట కింద చిన్న గొట్టం బయటికి వస్తుంది. మగదానిది సన్నగా మొన తేలి ఉంటుంది, ఆడదానిది లావుగా మొద్దుగా ఉంటుంది. ఆ ఒకటి రెండు రోజులు దాటితే మళ్లీ అయోమయమే. మగది దొరక్కపోతే రెండు ఆడ ఏంజెళ్లు జతకట్టి, పలకను శుభ్రం చేసి, రెండూ గుడ్లు పెట్టి, రెండూ కాపలా కాస్తాయి. పలక మీద మామూలు కంటే ఎక్కువ గుడ్లు కనిపిస్తే మురిసిపోకూడదు, అనుమానించాలి.

పలక అంటే అలంకారంగా అన్న మాట కాదు. నిలువుగా ఆనించిన నున్నటి పలకరాయి అంటే ఏంజెల్‌కి మహా ఇష్టం. ఒకప్పుడు బడిపిల్లలందరి చేతిలో ఉన్న మార్కాపురం పలక దీనికి సరిగ్గా సరిపోతుంది. అది లేనివాళ్లు పీవీసీ పైపు ముక్కో, బోర్లించిన మట్టి కుండీయో పెడతారు. పెద్ద జత అయితే రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది, ఇంకా ఎక్కువ కూడా. నీళ్లు 27, 28 డిగ్రీలుంటే రెండు రోజులు దాటి మూడో రోజు పూర్తయ్యేలోగా పగులుతాయి. తర్వాత మరో అయిదు రోజులు పిల్లలు పలకకి అంటుకుని తోకలు ఆడిస్తుంటాయి. ఆపైన ఈదుతాయి. ఈదే పిల్లలు కళ్లబడితేనే ఆ జత జత.

అమ్మేవాళ్ల భాషలో మాత్రం అంత దాకా ఆగరు. రెండు చేపలు ఒక మూల చేరి మిగతావాటిని తరిమితే ‘పెయిర్’. గుడ్లు పెడితే ‘కన్ఫర్మ్‌డ్ పెయిర్’. పిల్లలు తేలితే ‘ప్రూవెన్ పెయిర్’. మెట్టు మెట్టుకీ ధర పెరుగుతుంది. చివరి దానికి మామూలు ఏంజెల్ ధరకి ఎన్నో రెట్లు పలుకుతుంది. ఈ మూడు మాటలకీ ఎక్కడా రాసుకున్న నిర్వచనం లేదు కాబట్టి మొదటి మెట్టు మీద ఉన్నదాన్ని మూడో మెట్టు ధరకి అమ్మడం రోజూ జరిగేదే.

పాడిగేదెను కొనేవాడు రెండు పూటలా పాలు పిండించి చూస్తే గానీ బయానా ఇవ్వడు. చేపల దగ్గర ఆ జాగ్రత్త ఎందుకో ఎగిరిపోతుంది. ఫోన్‌లో వచ్చిన ఫొటో చూసి డబ్బు పంపేస్తారు. ఆ ఫొటో ఎవరి ట్యాంకుదో తెలియదు. అడగాల్సింది వీడియో, అందులో తొట్టి పక్కన ఆ రోజు తారీఖు రాసిన కాగితం, పలక మీద గుడ్లో పిల్లలో, పక్కనే ఆ రెండు చేపలు. దగ్గర ఊరైతే స్వయంగా వెళ్లాలి. నిజాయతీ ఉన్న పెంపకందారుడు ఈ మాటలకి నొచ్చుకోడు. నొచ్చుకున్నాడంటే బేరం అక్కడితో వదిలేయొచ్చు.

ఇంతకీ పదిహేను రోజులకోసారి వందల పిల్లల్నిచ్చే జతను ఎవడైనా ఎందుకు అమ్ముకుంటాడు? కొనేవాళ్లలో చాలామందికి తట్టని ప్రశ్న ఇది. న్యాయమైన కారణాలు ఉన్నాయి. అద్దె ఇల్లు మారుతున్నవాళ్లు, తొట్లు తగ్గించుకుంటున్నవాళ్లు, వేరే రకానికి మారుతున్నవాళ్లు అమ్ముతారు. కొందరు ఒక ఈతలోని పిల్లల్ని పెద్ద తొట్టిలో పెంచి, జతకట్టినవాటిని ఎప్పటికప్పుడు విడదీసి అమ్మడమే వ్యాపారంగా పెట్టుకుంటారు. వీళ్ల దగ్గర కొనడం అన్నిటికంటే క్షేమం, ఎందుకంటే చేపలు లేతవి. మిగిలిన కారణాలు చెప్పుకోనివి. వయసైపోయి గుడ్లు తగ్గినవి, మగది గొడ్డుపోయినవి, రోగం పట్టి తేరుకున్నవి. ఏంజెల్ ఎనిమిది నుంచి పది నెలలకు ఈడుకొస్తుంది, మూడో ఏడు దాటాక గుడ్ల మీద ఆశ తగ్గించుకోవాలి. ఒంటికి మించి కన్ను పెద్దగా కనిపిస్తే అది ఇరుకు తొట్టిలో గిడసబారిన చేప. తల మీద గుంటలు పడి ఉంటే ముట్టుకోవద్దు.

గుడ్లు తినే అలవాటుందని మాత్రం వెంటనే వదులుకోనక్కర్లేదు. తొలిసారి పెట్టినవి తల్లిదండ్రులే తినేయడం మామూలే, మూడు నాలుగు ఈతలకి నేర్చుకుంటాయి. కొన్ని ఎప్పటికీ నేర్చుకోవు. వాణిజ్య ఫారాల్లో గుడ్లున్న పలకను వెంటనే వేరే తొట్టిలోకి మార్చి, మిథిలీన్ బ్లూ మందు వేసి, గాలి బుడగలతో పొదిగిస్తారు. అలా చేస్తే జత పది పన్నెండు రోజులకే మళ్లీ గుడ్లకొస్తుంది, లాభం. కానీ తరాల తరబడి పిల్లల ముఖం చూడని చేపల్లో కాపలా బుద్ధి మొద్దుబారుతుంది. పిల్లల్ని వెంటేసుకుని తిరిగే ఏంజెల్ జతను ఇంట్లో చూడాలనుకునేవారు తల్లిదండ్రులు పెంచిన ఈతల నుంచి వచ్చిన చేపల్ని అడిగి తీసుకోవాలి.

డిస్కస్ చేపల దగ్గర తల్లిదండ్రుల పెంపకం సరదా వ్యవహారం కాదు, బతుకు సమస్య. డిస్కస్ పిల్లలు ఈదగానే తల్లిదండ్రుల ఒంటి మీదికి చేరి, చర్మం స్రవించే జిగురును తింటాయి. అలసిపోయిన తల్లి ఒళ్లు విదిలించి పిల్లల్ని తండ్రి మీదికి పంపడం ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఈ జిగురును పరీక్షించి, గుడ్లు పెట్టాక అందులో మాంసకృత్తులు, రోగనిరోధక పదార్థాలు పెరుగుతాయని చూపించారు. సుమారు మూడు వారాల తర్వాత పెద్దవి పిల్లల్ని తప్పించుకు తిరగడం మొదలుపెడతాయి. పాలిచ్చే జంతువులు పిల్లలకు పాలు మాన్పించే తీరుతో పరిశోధకులు దీన్ని పోల్చారు. కాబట్టి డిస్కస్‌లో మగా ఆడా ఉంటే చాలదు, రెండూ బాగా పెంచేవి కావాలి. అలాంటి జత ధర ఏంజెల్ జత ధరకి అందనంత పైన ఉంటుంది. మోసమూ ఆ స్థాయిలోనే ఉంటుంది. లేత డిస్కస్‌కి మగ హార్మోన్లు పెట్టి ముందే రంగు తెప్పించే పద్ధతి ఈ వ్యాపారంలో చాలా కాలంగా ఉంది. అలా పెరిగిన ఆడది గుడ్లకు పనికిరాకుండా పోవచ్చు. మూడు అంగుళాల పిల్ల నిండు రంగుతో మెరిసిపోతుంటే సంతోషించే ముందు ఆగాలి.

మంచి జతే దొరికిందనుకుందాం. దాన్ని ఇంటికి చేర్చడం ఇంకో గండం. పంపే ముందు ఒకటి రెండు రోజులు మేత ఆపుతారు, లేకపోతే సంచిలోనే నీళ్లు చెడిపోతాయి. జత కదా అని రెండింటినీ ఒకే సంచిలో వేయకూడదు. ఇరుకులో ఆలుమగలు కూడా పొడుచుకుంటాయి. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్, బయట థర్మకోల్ పెట్టె. ఇంటికొచ్చాక కొందరు సంచి మూతి విప్పి గంటల తరబడి చుక్క చుక్కగా కొత్త నీళ్లు కలుపుతారు. దూరం నుంచి వచ్చిన సంచికి అది ప్రమాదం. మూసి ఉన్నంతసేపు చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లని పుల్లగా ఉంచి అమ్మోనియా విషాన్ని అణచి ఉంచుతుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోయి అమ్మోనియా కోరలు బయటపడతాయి. వేడి సరిచూసుకుని, సంచి నీళ్లు పారబోసి, చేపను తొందరగా కొత్త తొట్టిలోకి మార్చడమే మంచిది.

నీటి సంగతి హైదరాబాద్ వాళ్లకి చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లతో బకెట్లకు తెల్ల పొర కట్టే ఇళ్లలో అమెజాన్ చేప బతుకుతుంది, తిరుగుతుంది, గుడ్లూ పెడుతుంది, గుడ్లు మాత్రం పగలవు. అమ్మినవాడి దగ్గర వాడిన నీళ్లు ఎంత మెత్తనివో, మన నీళ్లు ఎంత ఉప్పనివో ముందే కొలుచుకోకుండా, జతలో లోపముందని తగాదా పడేవాళ్లు చాలామంది. ఆర్వో నీళ్లు కలిపి సరిచేసుకోవచ్చు. క్రిబెన్సిస్ అనే చిన్న ఆఫ్రికా సిక్లిడ్‌లోనైతే నీళ్లు పిల్లల లింగాన్ని కూడా మారుస్తాయి. పులుపు నీళ్లలో పెరిగిన ఈతలో మగవి ఎక్కువవుతాయి. జతల కోసం పెంచేవాడికి ఒక ఈతంతా మగవే తేలితే ఎంత నష్టమో ఊహించుకోవచ్చు.

కొత్త ఇంటికొచ్చిన జత వెంటనే గుడ్లు పెడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దారి బడలికకి విడిపోయే జతలూ ఉన్నాయి. మగది ఆడదాన్ని తరుముతూ ఉంటే మధ్యలో అద్దం అడ్డుపెట్టి, ఒకదానికొకటి కనిపించేలా ఉంచితే కొన్ని మళ్లీ కలుస్తాయి. అలవాటైన పలకతో సహా జతను ఇచ్చే అమ్మకందారులున్నారు. అలాంటివాడు దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వొచ్చు.

అన్నీ కలిసొచ్చి పిల్లలు తేలాయి. వాటికి మొదటి మేత అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీటి చిట్టి రొయ్య పిల్లలు. అమెరికాలో యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి ఎక్కువగా వచ్చే వీటి గుడ్ల డబ్బాలు మన కోస్తాలోని రొయ్య హేచరీలకి కొత్త కాదు. ఉప్పునీటిలో గాలి పెడితే ఒక రోజులో పగులుతాయి. పూటకో మోతాదు పొదిగిస్తూ, రోజూ నీళ్లు మారుస్తూ, మూడు వందల పిల్లల్ని అమ్మే సైజుకి తేవడానికి రెండు నెలలు పైనే పడుతుంది. అప్పటికి అదే జత ఇంకో మూడు ఈతలు పెట్టి ఉంటుంది. వీధి చివరి దుకాణం ముప్పై పిల్లల కంటే తీసుకోదు, తీసుకున్నా చాలాచోట్ల నగదు ఇవ్వదు, మేత డబ్బాలతో సరిపెడుతుంది. ఒక జత కొంటే ఇన్ని పిల్లలు, పిల్లకి ఇంత, నెలకి ఇంత అని కాగితం మీద వేసుకున్న లెక్కలన్నీ ఇక్కడే తేలిపోతాయి.

దీన్ని ఉపాధిగా తీసుకోవాలనుకునేవారికి ఇంకో దారి ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్‌కి 3 లక్షలు, మధ్యతరహా యూనిట్‌కి 8 లక్షలు వ్యయంగా లెక్కగట్టారు. అందులో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ. వివరాలకు జిల్లా మత్స్యశాఖ కార్యాలయమే మొదటి గుమ్మం. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే, చేప ఆకారపు భవనంలో ఉంది.

కొన్ని జతల బేరానికి చట్టం కూడా అడ్డొస్తుంది. ఆసియా అరోవానా అనే చేప అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైట్స్ మొదటి అనుబంధంలో ఉంది. నమోదైన ఫారాల్లో పుట్టి, ఒంట్లో మైక్రోచిప్, చేతిలో ధ్రువపత్రం ఉన్నదాన్నే దేశాలు దాటించి అమ్మాలి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత ఇలాంటి జీవుల్ని పెంచుకునేవారు స్వాధీనం, బదిలీ, పుట్టుక, చావు అన్నీ నమోదు చేయాలి. 2024లో ఇందుకు నియమాలూ వచ్చాయి. పైగా అరోవానాను ఇంట్లో జతకట్టించడం కుదిరే పని కాదు. ఫారాల్లో పెద్ద చెరువుల్లో వదిలి, పిల్లల్ని నోట్లో మోసే మగదాన్ని పట్టి నోరు తెరిపించి తీస్తారు. దుకాణాల్లో చవగ్గా దొరికే సిల్వర్ అరోవానా వేరే జాతి, ఈ నిబంధన దానికి లేదు. బ్రెజిల్ షింగు నదికే పరిమితమైన జీబ్రా ప్లెకో అనే చేప కూడా 2023 నుంచి సైట్స్ రెండో అనుబంధంలో ఉంది. దీని జత అమ్ముతామంటూ కాగితాలు లేకుండా వచ్చేవాళ్లని దగ్గరికి రానివ్వకూడదు.

ఎక్కువైన చేపల్ని ఏం చేయాలన్న ప్రశ్నకి చెరువు జవాబు కాదు. అక్వేరియం అద్దాలు నాకుతుందని తెచ్చిన సక్కర్ చేప కొల్లేరు దాకా పాకి, వలలు చింపుతూ జాలర్లకి తలనొప్పి అయింది. అమ్ముడుపోనివి తోటి పెంపకందారులకి ఊరికే ఇచ్చేయడం, లేదా ఆడా మగా విడదీసి గుడ్లు ఆపడం నయం.

ఇంతా చూశాక జతను కొనడం కంటే తయారు చేసుకోవడమే తెలివైన బేరం. ఏంజెల్ పిల్లలు ఆరు, అన్నీ ఒకే చోట తీసుకుంటే తోబుట్టువులే జతకడతాయి కాబట్టి ఇద్దరు వేర్వేరు అమ్మకందారుల దగ్గర మూడేసి చొప్పున తీసుకోండి. రెండో చోటివాటిని కలిపే ముందు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచండి. అన్నీ కలిపి పెంచితే ఏడాది తిరిగేలోగా వాటిలో రెండు పలక పక్కన చేరతాయి. ఆ ఆరింటి ఖర్చు ఒక ‘ప్రూవెన్ పెయిర్’ ధరలో చిన్న భాగం. అంత కాలం ఆగలేనివారు జతనే కొనుక్కోవచ్చు, కానీ ఈదుతున్న పిల్లల్ని కళ్లారా చూడనిదే జత ధర ఇవ్వకండి, రెండు విడి చేపల ధరే ఇవ్వండి.